విశ్రాంతి పద్దు

జమాఖర్చు పుస్తకమును మించిన స్వీయచరిత్రము లేదని మా యభిప్రాయము. మనుష్యుడు నోటితో చెప్పుదానిలో కొంత మర్యాద కలియును. ఇతరులు చదువుటకై వ్రాయుదానిలో కొంత కీర్తికాంక్ష కలియును. తనకొఱకు తాను వ్రాసికొన్న చిట్టాలో మాత్రము బియ్యమున కెంత, పుస్తకముల కెంత, పెద్దల కెంత, వేడుకల కెంత అని అతని మనస్సు దాపఱికము లేక బయలుపడుచుండును. ఏ పద్దు పెద్దదో చూచినచో అతని కోరిక తెలియును. ఏ పద్దు అసలే వ్రాయబడలేదో చూచినచో అతని కంటికి కనబడనిది తెలియును. ఈ రెండవ పరీక్షయే కష్టమైనది. ఏలయనగా, లేని పద్దును వెదకుటకు చిట్టా చాలదు, ఆ యింట కొన్నాళ్లు ఉండవలెను.

గడచిన వేసవి సెలవులలో మేము స్విట్జర్లాండు దేశమునందలి జ్యూరిక్ నగరమున మా తమ్ముని యింట ఆఱు వారములుంటిమి. అతనికిప్పుడు నలువదిమూడేండ్లు. పదునైదేండ్ల క్రిందట కంప్యూటరు ఉద్యోగముమీద ఆ యూరు చేరి, స్థిరనివాసమునకు అనుమతి పొంది, భార్యతోను పదునొకండేండ్ల కూతురితోను కాపురము చేయుచున్నాడు. ఏబదవ యేట ఉద్యోగము మానవలెనని అతని సంకల్పము. ఇది సోమరితనమున పుట్టినది కాదు. పగలు కన్నులను తెరకును, రాత్రి చెవులను టెలిఫోనునకును అప్పగించి పదునైదేండ్లు గడపినవాడు, చిన్ననాడు మానిన మృదంగమును మరల ముట్టవలెననియు, కూతురు ఎదుగుటను కంటితో చూడవలెననియు కోరుట తప్పు కాదు. ఇట్టి సంకల్పము చేసికొనువారు నేడు యూరపునందును అమెరికాయందును పలువురున్నారు. ఆదాయములో సగమో, అంతకంటె నెక్కువయో మిగిల్చి వాటాలలో పెట్టి, ఆ మూలధనపు ఫలముతో శేషజీవితమును గడపుట వారి మార్గము. “అన్నయ్యా, లెక్కలో లోపమున్న చూపుము” అని అతడు తన చిట్టాను మా ముందు పెట్టెను. సంస్కృతమును ఇంగ్లీషును చెప్పుకొని బ్రదుకు బడిపంతులమైనను, పరిమితమైన జీతమును నెలాఖరువఱకు ఈడ్చు విద్య మాకును కొంత తెలిసినదే గనుక శ్రద్ధగా చూచితిమి.

జ్యూరిక్ ప్రపంచమున మిక్కిలి ప్రియమైన నగరములలో నొకటి. 2023లో ఎకనమిస్టు పత్రికకు చెందిన పరిశోధకశాఖ ప్రకటించిన పట్టికలో అది సింగపూరుతో సమముగా మొదటి స్థానమున నిలిచెను. నేడు ఫ్రాంకొకటికి నూఱు రూపాయలకు పైగా చెల్లవలెను గనుక, మనవారు అక్కడ అడుగిడిన మొదటి వారము ప్రతి వస్తువు వెలను నూటితో హెచ్చవేసి గుండె బాదుకొందురు. అయిదు ఫ్రాంకుల కాఫీ అయిదువందల రూపాయల కాఫీ యగును. దాని రుచి నోట నిలువదు. ఈ హెచ్చవేత నిరర్థకము. అక్కడ సంపాదించి అక్కడనే వెచ్చించువానికి ఫ్రాంకు ఫ్రాంకే. ముందుగా ఉద్యోగము మానదలచినవాడు హెచ్చవేయవలసిన అంక వేఱొకటి కలదు. దానిని కొంచెము తరువాత చెప్పుదుము.

చిట్టా ఇట్లున్నది. నెలకు ఇంటి అద్దె 2,900 ఫ్రాంకులు, మువ్వురి ఆరోగ్యబీమా 900, తిండియు ఇంటిసామానును 1,100, రాకపోకలు 250, విద్యుత్తు, టెలిఫోను, ఇంటర్నెట్టు 200, బడివేళలకు వెలుపల పాప సంరక్షణమునకును సంగీతపాఠమునకును 400, బట్టలు, పుస్తకములు, అతిథులు 350, ఏటికొకసారి స్వదేశమునకు వచ్చిపోవుటకై నెలకు 500, మా తల్లిగారికి పంపునది 300, పండ్లవైద్యము మొదలైన అనుకొనని వానికి 200. వెరసి 7,100. ఉద్యోగము మానిన పిదప కూడ చెల్లింపవలసిన పన్నులకును పింఛను చందాలకును 900 చేర్చి, నెలకు 8,000, ఏటికి 96,000 ఫ్రాంకులని అతడు తేల్చెను.

ఈ పద్దులలో మన దేశమువారికి క్రొత్తగా తోచునది ఆరోగ్యబీమా. 1996నుండి అమలులోనున్న శాసనమును బట్టి అక్కడ నివసించు ప్రతివ్యక్తియు దానిని కొనితీఱవలెను. సాధారణముగా యజమాని అందులో భాగము భరింపడు. తలకింత అని లెక్క. ఒకే చోట, ఒకే వయోవర్గమున, ఒకే సంస్థయందు, ఒకే విధమైన బీమాకు ధనికునికిని కూలికిని ఒకటే చందా. తక్కువ రాబడిగలవారికి ప్రభుత్వము కొంత తోడ్పడును. పెద్దవారు ఏటి వైద్యవ్యయములో మొదటి 300 మొదలు 2,500 ఫ్రాంకులవఱకు తామే భరించుటకు ఒప్పుకొనవచ్చును. ఎక్కువ భరించుటకు ఒప్పుకొన్నవారికి చందా తక్కువ. ఆపైని ఖర్చులో పదవవంతు, 700 ఫ్రాంకులు నిండువఱకు, రోగిదే. కనుక 2,500 ఎన్నుకొన్నవారు జబ్బుపడిన యేట చందాగాక తలకు 3,200 ఫ్రాంకులు సిద్ధముగా నుంచుకొనవలెను. ఉద్యోగముతోపాటు జీతము పోవును గాని ఈ చందా పోదు.

మా తమ్ముడు దుబారా మనిషి కాడు. కారు లేదు. రైలుటిక్కెట్లను సగము వెలకిచ్చు కార్డు సంపాదించుకొనినాడు. బల్లలును కుర్చీలును పాతసామానుల అంగడినుండి తెచ్చినవి. ఆ నగరమున వీథులయందు 1,200లకు పైగా నీటిధారలు కలవు. దాదాపు అన్నింటి నీరును త్రాగవచ్చును. సీసానీరు కొనువారినిచూచి మా తమ్మునికూతురు నవ్వును. సరస్సులో ఈదుటకును, కొండలమీది అడవులలో తిరుగుటకును వెల లేదు. ప్రియమైన నగరమున మితవ్యయముతో బ్రదుకుట ఒక విద్యయే. ఆ విద్య ఆ దంపతులిద్దఱికిని వచ్చును.

ఇక హెచ్చవేత. 1994లో విలియం బెంగెన్ అను అమెరికా ఆర్థికసలహాదారు, తన దేశమున 1926నుండి వాటాలును ఋణపత్రములును ఇచ్చిన ఫలములను పరిశీలించి, విరమించిన మొదటి యేట మూలధనములో నూటికి నాలుగు వంతున తీసికొని, పిదప ధరలు పెరిగినకొలది ఆ మొత్తమును పెంచుకొనుచు పోయినను ముప్పదియేండ్లు ధనము చాలునని తేల్చెను. 1998లో టెక్సాసునందలి ట్రినిటీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు మువ్వురు దాదాపు ఇట్టి ఫలితమునే ప్రకటించిరి. నూటికి నాలుగనగా ఏటి ఖర్చునకు ఇరువదియైదింతలు. నెల ఖర్చునకు మూడువందలింతలు. ముందు మేము చెప్పిన అంక ఇదియే. కాఫీని నూటితో కాదు, మూడువందలతో హెచ్చవేయవలెను. దినమున కొక కాఫీ యనగా నెలకు 150 ఫ్రాంకులు. దానిని శాశ్వతముగా సాగించుటకు 45,000 ఫ్రాంకుల మూలధనము కావలెను. నెలకు 8,000 ఖర్చు సాగుటకు 24 లక్షల ఫ్రాంకులు కావలెను. ఇప్పుడు మా తమ్మునివద్ద నున్నది 11 లక్షలు. మిగిల్చినది మిగిల్చినట్లుండి, వాటాలు అనుకూలించినచో, ఏబదవ యేటికి 24 లక్షల దరిదాపునకు వచ్చునని అతని యాశ.

ఈ సూత్రము చక్కనిదే. కాని ఇది అమెరికా చరిత్రమునుండి పుట్టినది, ముప్పదియేండ్లకు చెప్పబడినది. ఏబదవ యేట మానినవాడు తొంబదేండ్లు బ్రదికినచో నలువదేండ్ల తిండి కావలెను. జాగ్రత్తగా నూటికి మూడువంతుననే తీసికొందమన్నచో కావలసినది 32 లక్షలు. ఒక్క వంతు తేడాకు ఎనిమిది లక్షల ఫ్రాంకులు! దీనికి తోడు ఆ దేశపు నాణెమొక చిక్కు. 2007లో యూరో ఒకటికి ఒకటిన్నర ఫ్రాంకులకు మించి వచ్చుచుండెను. నేడు ఒక ఫ్రాంకైనను రాదు. 2015 జనవరి 15వ తేదీన అచ్చటి జాతీయబ్యాంకు, యూరో విలువ 1.20 ఫ్రాంకులకు దిగువకు పోకుండ పట్టియుంచుటను ఒక్కసారిగా మానెను. ధనమును ఇతరదేశముల వాటాలలో పెట్టి ఫ్రాంకులలో తినువానికి ఇట్టి దినములు ఎదురుగాలి. పోనీ, బ్యాంకులో దాచుకొందమన్న, ఆ బ్యాంకు వడ్డీరేటు 2022 సెప్టెంబరువఱకు సున్నకు దిగువనే యుండెను. కొంత పెరిగి, 2025 జూనులో మరల సున్నకు దిగెను.

మఱియొక విశేషము. ఆ ధనమంతయు ఒకే పెట్టెలో నుండదు. ఉద్యోగపు పింఛను నిధిలో జమయైనదియు, పన్ను మినహాయింపుతో స్వచ్ఛందముగా దాచినదియు, ఏబదవ యేట ఉద్యోగము మానినవానికి సాధారణముగా అఱువదవ యేటివఱకు చేతికి రావు. కనుక నడుమనున్న పదియేండ్లను, అనగా 9,60,000 ఫ్రాంకుల దూరమును, విడిగా నున్న ధనముతోనే దాటవలెను. 1948లో ఆరంభమైన ప్రభుత్వపు వృద్ధాప్యపింఛను అఱువదియైదవ యేట వచ్చును. రెండేండ్లు ముందుగా కోరవచ్చును గాని యేటికి నూటికి 6.8 వంతున జీవితాంతము తగ్గును. 2025లో ఆ పింఛను మిక్కిలి యెక్కువయైన నెలకు 2,520 ఫ్రాంకులు. పూర్తిగా పొందుటకు నలువదినాలుగేండ్లు చందా కట్టియుండవలెను. ఇరువదియెనిమిదవ యేట ఆ దేశమునకు పోయిన మా తమ్ముడు అఱువదియైదువఱకు కట్టినను ముప్పదియేడేండ్లే యగును. వచ్చునది సుమారు 2,100. ఉద్యోగము మానినవాడును చందా మానరాదు. అట్టివారికి ఆస్తిని బట్టి చందా విధింతురు. 2025లో అది తక్కువలో తక్కువ 530 ఫ్రాంకులు, ఎక్కువలో ఎక్కువ దానికి ఏబదింతలు.

ఇవన్నియు అతనికి తెలిసినవే. మేము ప్రత్యేకముగా చూపినది అద్దె పద్దును. నెలఖర్చులో అది మూడవవంతునకు మించినది. 2024 జూనులో జ్యూరిక్ నగరమున పదివేల యిండ్లకు ఏడిండ్లు మాత్రమే ఖాళీగా నుండెను. పాత అద్దెదారునికి చట్టము కొంత రక్ష. ఇల్లు మాఱినవానికి క్రొత్త అద్దె శిక్ష. నెలకు వెయ్యి ఫ్రాంకులు తక్కువకు ఇల్లు దొరకినచో, మూడువందలతో హెచ్చవేయగా మూడు లక్షల మూలధనము అక్కఱ లేకపోవును. ఎన్ని కాఫీలు మానిన అంత మిగులును? ఆ నగరమున సహకారసంఘముల యిండ్లు విరివిగా కలవు. అందులో పెద్దదగు సంఘమొకటి 1916లో స్థాపింపబడినది. లాభమునకు గాక అయిన ఖర్చునుబట్టి అద్దె నిర్ణయించుట వాని నియమము. 2050 నాటికి నగరమందలి అద్దెయిండ్లలో మూడవవంతు ఇట్టి లాభాపేక్ష లేని యిండ్లు కావలెనని 2011లో పౌరులు ఓటువేసి నిర్ణయించిరి. ఒక సాయంకాలము మేమట్టి యిండ్ల నడుమ తిరిగితిమి. ముంగిట ఉమ్మడితోటలో ముసలివారు మొక్కలకు నీరు పోయుచుండిరి. వారిలో లక్షాధికారులెందఱో మాకు తెలియదు. కాని విశ్రాంతి తీసికొనుటకు వారెవరికిని ముప్పదిరెండు లక్షలు అక్కఱలేదని మాత్రము తెలియుచుండెను. పొదుపు ఒకని గుణము. చవుకయైన అద్దె పదిమంది కలిసి నిలిపిన ధర్మము. ఆ సంఘములలో పేరు వ్రాయించుకొని వంతుకొఱకు వేచియుండుమని మా తమ్మునికి చెప్పితిమి.

ఇంతవఱకు చెప్పినది వ్రాయబడిన పద్దులనుగుఱించి. వ్రాయబడనిది మాకు నాలుగవ వారమున కనబడెను.

మా మరదలు హైదరాబాదులో జీవరసాయనశాస్త్రము చదివినది. పెండ్లియై ఆ దేశమునకు పోయిన పిదప ఏడేండ్లు ఇంటనుండి, బిడ్డను పెంచుచు, జర్మను భాష నేర్చుకొని, అయిదేండ్ల క్రిందట ఒక ప్రయోగశాలలో సగముదినపు పనిలో చేరినది. ఏటికి 40,000 ఫ్రాంకులు తెచ్చుచున్నది. మిగిలిన సగముదినము ఆమెకు సగముదినము కాదు. ఆ భవనమున బట్టలుతుకు యంత్రములు నేలమాళిగలో ఉమ్మడిగా నుండును. ఏ యింటివారి దినము వారికి. ఆ దినము తప్పినచో మఱల వంతు వచ్చువఱకు మాసిన బట్టలే. వంట, అంగడి, పాప పాఠములు, బీమావారి యుత్తరములు, చెత్తను వేఱుపఱచి ఆయా దినములయందు వీథిలో పెట్టుట, ఇవన్నియు ఆమె చేతిమీదుగనే జరుగుచుండెను. మా తమ్ముడు సహాయము చేయడని కాదు, అడిగినప్పుడు చేయును. అడుగుటయు ఒక పనియే యని అతనికి తోచలేదు.

ఒకనాటి రాత్రి భోజనములైన పిదప అతడు ఏబదవ యేటి లెక్కను మరల మాకు చూపుచుండగా, ఆమె మఱునాటి కూరలు తఱుగుచు, నిదానముగా, “బావగారూ, మీ తమ్ముని విరమణము ఏబదవ యేట. నాది ఏ యేట?” అని అడిగెను.

“నీదియు అప్పుడే గదా! ఇద్దఱ ఖర్చును అందులో వేసితిని” అని మా తమ్ముడు చెప్పెను.

“ఖర్చు ఇద్దఱిది వేసినారు, నిజమే. నేను ప్రయోగశాల మానుదును. వంట మానుదునా? మీరు రోజంతయు ఇంటనున్న మధ్యాహ్నపు వంటయు నాకే చేరును. ఏడేండ్లు వేచి సంపాదించుకొన్న పనిని మానవలెనని నాకు లేదు. మానవలెనని మీరు నన్నడుగనుమాట అటుండనిండు, నాకు విశ్రాంతి కావలసినది ఏ పనినుండియో ఆ పని మీ చిట్టాలో లేనేలేదు.”

ఆ మాటలో కోపము లేదు. కనుకనే అది గట్టిగా తగిలినది. చిట్టాను మరల మొదటినుండి చూచితిమి. మా తల్లిగారికి పంపు 300 ఫ్రాంకులకు పద్దు ఉన్నది. ఆమె తల్లిదండ్రులకు పద్దు లేదు. వారికి ఆమె తన జీతమునుండి, లెక్కకెక్కని రీతిని, పంపుచున్నదని విచారింపగా తెలిసినది. ఆ 300 మా యింటికి వచ్చునది గనుక ఆ విషయమున నోరు విప్పవలసినవారము మేమే. రెండును వ్రాయుము, లేదా రెండును కొట్టివేయుము అని చెప్పితిమి. ఆ రాత్రియే రెండవది వ్రాయబడెను.

గృహస్థుడు తన యొడలి ముడుతలను, నెరసిన తలను, సంతానపు సంతానమును చూచినపుడు వనమునకు పోవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఉద్యోగవిరమణమున కంతకంటె ప్రాచీనమైన యేర్పాటు వెదకనక్కఱలేదు. అచ్చటనే, భార్యను కొడుకుల కప్పగించి పోవచ్చుననియు, వెంటబెట్టుకొని పోవచ్చుననియు రెండు మార్గములు చెప్పబడినవి. ఆమెకేది యిష్టమో అడుగుమని మాత్రము లేదు. అరణ్యము పోయి సరస్సుతీరము వచ్చినది. దండకమండలములు పోయి వాటాలపత్రములు వచ్చినవి. అడుగబడని ఆ ప్రశ్న మాత్రము నాటినుండి నేటికి అట్లే నిలిచియున్నది.

ఈ విషయమున ఆ దేశము మనకంటె మిక్కిలి ముందున్నదని తలపరాదు. అక్కడి స్త్రీలకు దేశపు ఎన్నికలలో ఓటుహక్కు 1971లో గాని రాలేదు. అయినను 1997నుండి ప్రభుత్వపింఛను లెక్కలో దాంపత్యకాలమున భార్యాభర్తల యిద్దఱ సంపాదనను కలిపి చెఱిసగము పంచుదురు. బిడ్డలను పెంచిన యేండ్లను కొంత సంపాదనతో సమానముగా ఎంచుదురు. ఇంటిపనికిని వెలకట్టవచ్చునని ఒక రాజ్యము ఒప్పుకొన్నదనుటకు ఇది నిదర్శనము. కాని ఉద్యోగపు పింఛను నిధిలో ఆ న్యాయము లేదు. అక్కడ చట్టము ప్రకారము జీతమునుండి మొదట ఒక స్థిరమైన మొత్తమును, 2025లో 26,460 ఫ్రాంకులను, తీసివేసి మిగిలినదానిమీదనే పింఛను లెక్కింతురు. 80,000 జీతమునకు మిగులునది 53,540; సగముదినపు 40,000 జీతమునకు మిగులునది 13,540. పని సగమైన భద్రత నాలుగవవంతగును! సగముదినపు పనివారిలో స్త్రీలే యెక్కువ. ఈ తీసివేతను జీతమునుబట్టి తగ్గించు నియమమునుకూడ కలిగిన సంస్కరణమొకటి 2024 సెప్టెంబరు 22న ప్రజలముందుకు రాగా, ఇతరకారణములుకూడ తోడై, ఓడిపోయినది. కొందఱు యజమానులు తమ నిధులలో ఈ లోపమును తామే దిద్దుకొనిరి. మా మరదలు పనిచేయుచోట దిద్దబడలేదు. కనుక ఆమె నలువదవ యేట నున్న స్థితిలోనే పని మానినచో, ముసలితనమున ఆమెకు తనదని చెప్పుకొనదగినది మిక్కిలి స్వల్పము. మా తమ్ముని చిట్టాలో ఇద్దఱ పింఛనులును ఒకే గడిలో కలిపి వ్రాయబడుటచేత ఈ భేదము కనబడలేదు.

మా యభిప్రాయమును మూడు మాటలలో చెప్పితిమి. మొదటిది: ధనపు చిట్టాప్రక్కన కాలపు చిట్టాయు నుండవలెను, ఇంటిపని ఏది, ఎన్ని గంటలు, ఎవరిది అని వ్రాయవలెను. రెండవది: ఇద్దఱి పింఛనులను వేఱువేఱు గడులలో వ్రాసి, లోటున్న గడిని ముందు నింపవలెను. మూడవది: ఏబదవ యేట ఒకడు పూర్తిగా మానుటకంటె, ఇప్పటినుండియే ఇద్దఱును అయిదుదినములకు మూడుదినములు పనిచేయుట మేలు. అతని జీతము 1,60,000. అందులో అఱువది వంతులు 96,000. ఆమెది అదే వంతునకు పెరిగిన 48,000. చందాలును పన్నులును పోయినను ఏటి యింటిఖర్చు 85,200 జరుగుటకు చాలును. అప్పుడు 11 లక్షల మూలధనమును ముట్టనక్కఱలేదు; ధరల పెరుగుదల పోను నూటికి మూడు వంతున వృద్ధిపొందినను ఇరువదినాలుగేండ్లలో అది రెండింతలగును. మృదంగమునకు ఏడేండ్లు వేచియుండనక్కఱలేదు. కూతురి బాల్యము ఏబదవ యేటివఱకు ఆగియుండదు.

దీనికి మా తమ్ముడు చెప్పిన యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. “అన్నయ్యా, మా పనిలో మూడుదినముల యుద్యోగమనగా అయిదుదినముల పనిని మూడుదినముల జీతమునకు చేయుట” అని అతడనెను. నిజమే కావచ్చును. అయితే విశ్రాంతి అనునది ఎక్కడను ఊరక ఇయ్యబడలేదు. ఆ దేశముననే కట్టడపు కూలీలు 2002 నవంబరు 4వ తేదీన వేలకొలది పని నిలిపి, జ్యూరిక్‌నకు చేరువనున్న బారెగ్గు సొరంగమార్గమును అడ్డగించిరి. రాళ్లు మోసిన నడుములు అఱువదియైదువఱకు నిలువవని వారి వాదము. 2003నుండి వారికి అఱువదవ యేట విరమించు హక్కు కలిగినది. అందుకగు ధనమును యజమానులును పనివారును కలిసి భరించుచున్నారు. ఆ కూలీలలో ఒక్కడును తన జీతమునుండి ఇరువదియైదింతలు కూడబెట్టి ఆ హక్కును కొనలేడు. కలిసి అడిగిరి గనుక కలిగినది. చదువుకొన్నవారు ఒంటరిగా కూడబెట్టి తప్పించుకొనిపోవు దారిని వెదకుదురు. తమ పనిగంటలు తగ్గింపుడని పదుగురితో కలిసి అడుగుటకు సిగ్గుపడుదురు. ఈ సిగ్గు వెల ఎంతో ఏ చిట్టాలోను లేదు.

మేము బయలుదేరునాటికి మా తమ్ముడు తన సంకల్పమును విడువలేదు. కాని వచ్చే జనవరినుండి వారమునకు నాలుగుదినముల పనికి దరఖాస్తు పెట్టెను; ఆ యైదవ దినమున నేలమాళిగలోని యంత్రముల వంతును తనపేర వ్రాయించుకొనెను. మా మరదలు తన పింఛను నిధి నియమములను తెప్పించుకొని చదువుచుండెను. ఏబది అను అంకె చిట్టాలో ఇంకను ఉన్నది. దాని ప్రక్కన ఇప్పుడు రెండు గడులున్నవి.

చదువరులలో జ్యూరిక్ పోయి లక్షల ఫ్రాంకులు కూడబెట్టువారు కొందఱే యుందురు. అయినను విశ్రాంతినిగుఱించి ఆలోచింపని గృహస్థుడు లేడు. మన యిండ్లలో విరమణోత్సవము పురుషునికే జరుగుచున్నది. ఉద్యోగముచేసిన స్త్రీకిని ఆఫీసునందే జరుగుచున్నది గాని వంటయింట జరుగుట లేదు. పూలదండ వాడిన మఱునాటి ఉదయమున కాఫీ కాచువారెవరో అందఱికిని తెలిసినదే. కనుక ఎవరైన రాబోవు కాలమునకు లెక్క వేయునపుడు, ఎంత కావలెనని అడుగుటకు ముందు, ఎవరికి కావలెనని అడుగవలెను. ఏ యేట మానవలెనని వ్రాయుటకు ముందు, మనము మానిన పని ఎవరిమీద పడునో వ్రాయవలెను. ఆ పద్దును ఒంటరిగా వ్రాయుట సాధ్యము కాదు. చిట్టాను మూసి లోపల దాచక, ఇంటిలోనివారిని పిలిచి, వారిచేతనే దానిని పూర్తిచేయించుడు.